తాపీ ఎప్పుడు చేతికొస్తుంది?

"చదవకపోతే తాపీ పనికి పోతావ్." మనలో చాలామంది ఇంట్లో విన్న బెదిరింపే ఇది. తాపీ పట్టుకోవడం కూడా అంత ఈజీ కాదని బెదిరించేవాళ్లకి తెలియదేమో.

పనిలో చేరిన కుర్రాడికి మొదటిరోజే తాపీ ఇవ్వరు. ఇటుకలు మోయాలి, వాటిని నీళ్లలో తడపాలి (పొడి ఇటుక మాలులోని నీళ్లు పీల్చేస్తుంది, గోడ బలం అక్కడే పోతుంది), ఇసుక జల్లెడ పట్టాలి, ఒకటికి ఆరు పాళ్లలో మాలు కలపాలి. మేస్త్రీ గుండు వేలాడదీసి నిలువు ఎలా చూస్తున్నాడో, దారం కట్టి వరస ఎలా నడుపుతున్నాడో, అతుకు మీద అతుకు రాకుండా సగం ఇటుక ఎక్కడ పెడుతున్నాడో పక్కనుంచి చూసి పట్టేయాలి. సిలబస్ లేదు, ల్యాబ్ మాన్యువల్ అసలే లేదు. మనం కోడ్ తప్పు రాస్తే కంట్రోల్ జెడ్ కొడతాం. గోడ వంకరొస్తే కూల్చాలి.

ఇలా నేర్చుకుంటే పని బాగానే వస్తుంది, ఒప్పుకుంటా. నా కంప్లయింట్ వేరే. తాపీ ఎప్పుడివ్వాలో పూర్తిగా మేస్త్రీ ఇష్టం. ఆయన బావమరిదికి ఆర్నెల్లకే రావచ్చు, ఇంకొకడికి మూడేళ్లకీ రాకపోవచ్చు. ఇక ఆడవాళ్లయితే కూలీగా చేరి, ఏళ్లతరబడి తలమీద బొచ్చెలు మోసి, కూలీగానే పని మానేస్తారు. మాలు చూడగానే నీళ్లెక్కువయ్యాయని చెప్పగల అక్కల చేతికి కూడా ఎవరూ తాపీ ఇవ్వరు. మేస్త్రీ కూలి వేరు, హెల్పర్ కూలి వేరు కాబట్టి ఇది జీవితాంతం పడే కోత.

నేర్పే చోట్లు లేవా అంటే ఉన్నాయి. ఐటీఐలో మేసన్ ట్రేడ్ ఉంది, హైదరాబాద్‌లో నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఉంది. కానీ సైట్‌లో సర్టిఫికెట్ అడిగేదెవరు, దానికి పైసా ఎక్కువిచ్చేదెవరు? మరి కోర్సు కోసం రోజు కూలి ఎందుకు వదులుకుంటారు? జర్మనీలో ఇదే పనికి మూడేళ్ల అప్రెంటిస్‌షిప్. నేర్చుకుంటున్నప్పుడే జీతం, చివర్లో పరీక్ష. మన దగ్గర ఏడాదిలో 90 రోజులు పనిచేసిన భవన నిర్మాణ కార్మికులు వెల్ఫేర్ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. మంచిదే, కానీ ఆ కార్డు గోడ కట్టడం వచ్చో రాదో చెప్పదు.

అందుకే అడగాల్సింది కట్టించేవాళ్లని. కాలేజీలు ఎప్పుడూ ఏదో ఒక బ్లాక్ కట్టిస్తూనే ఉంటాయి. టెండర్‌లో ఒక్క షరతు చేర్చొచ్చు: ప్రతి పదిమంది మేస్త్రీలకి ఇద్దరు నేర్చుకునేవాళ్లు ఉండాలి, అందులో ఒకరు ఆడమనిషి, కూలి కట్ అవ్వకూడదు, పనయ్యాక పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇవ్వాలి. పరీక్ష ఎవరు పెడతారంటారా, సివిల్ డిపార్ట్‌మెంట్ పక్క బిల్డింగ్‌లోనే ఉందిగా.