ఇన్‌స్టాలరు మఱవరాని మాట

క్రొత్తగా లినక్స్ ఇన్‌స్టాల్ చేయబూనినవారికి తఱచుగా ఎదురగు విఘ్నమొకటి కలదు. పెన్‌డ్రైవ్ నుండి బూట్ చేయగానే తెర నల్లబడి, ఎంతసేపు వేచినను ఒక్క అక్షరమైనను కానరాదు. గ్రాఫిక్స్ కార్డునకును కెర్నెల్‌లోని దాని డ్రైవరునకును పొసగకపోవుట దీనికి ముఖ్యకారణము. ఎఱిగినవారు బూట్ మెనూలో కెర్నెల్ పంక్తికి ‘నోమోడ్‌సెట్’ అను మాటను చేర్చుదురు. అంతట ఆ డ్రైవరు తెరను తన అధీనమునకు తెచ్చుకొనక తొలగియుండును, ఫర్మ్‌వేరు సమకూర్చిన సామాన్యదృశ్యముతోనే ఇన్‌స్టలేషను సాంతము జరిగిపోవును. కాని పని ముగిసినదని సంతసించి యంత్రమును రీస్టార్ట్ చేయగా తెర మరల నల్లబడుటయు కలదు. పెన్‌డ్రైవ్‌లోని కెర్నెలునకు చెప్పిన మాట డిస్కులో చేరిన కెర్నెలునకు అందకపోవుటయే దీనికి హేతువు.

ఈ లోపమును వాడుకరి అజ్ఞానముపై మోపుట అన్యాయమని నా నిశ్చితాభిప్రాయము. ఏ యంత్రమునకు ఏ అమరిక కావలయునో ఇన్‌స్టలేషను నాడే, ఎంతో ప్రయాసమీద తెలియవచ్చును. అట్లు తెలిసినదానిని చెరిగిపోనీయక, మనుష్యుడు చదువదగిన రీతిని ఆ యంత్రముననే నిలిపియుంచుట ఆపరేటింగ్ సిస్టమును నిర్మించువారి విధి.

ఈ విధిని గుర్తించినవారు లేకపోలేదు. డెబియన్ అను లినక్స్ పంపిణీ యొక్క ఇన్‌స్టాలరు బూట్ పంక్తిలో మూడు అడ్డగీతల గుర్తు ఒకటి ఉండును. ఆ గుర్తునకు తరువాత వ్రాసిన అమరికలు ఇన్‌స్టాల్ అయిన సిస్టము యొక్క బూట్‌లోడరు ఫైలులోనికి తమంతట తామే చేరును. ముందు వ్రాసినవి ఆ పూటతో సరి. ఏర్పాటు శ్లాఘనీయమే. అయినను మూడు గీతలకు ఇవ్వల వ్రాయుటకును అవ్వల వ్రాయుటకును గల భేదము కరదీపికలో దాగియున్నదే గాని, నల్లని తెర ముందు దిక్కుతోచక కూర్చున్నవానికి కన్నులయెదుట కానవచ్చునది కాదు. ఓపెన్‌బీఎస్‌డీ అను వేఱొక ఆపరేటింగ్ సిస్టములో బూట్ వేళ ఒక డ్రైవరును నిలిపివేయు సౌకర్యము చిరకాలముగా ఉన్నది. ఆ మార్పు మెమరీలోనే నిలిచి, యంత్రము ఆగినంతనే నశించును. కావున శాశ్వతముగా కావలసినవారు ‘కాన్ఫిగ్’ అను ఆదేశముచే దానిని కెర్నెల్ ఫైలుననే వ్రాసికొనుచుండిరి. 2017లో వెలువడిన 6.2 కూర్పు మొదలు, ప్రతి బూట్ పిమ్మటను భద్రతార్థము కెర్నెలును క్రొత్తగా కూర్చు పద్ధతి వచ్చుటచే అట్టి వ్రాత నిలువకపోయెను. అందువలన తరువాత ఆ మార్పులను ఒక ప్రత్యేక ఫైలున వ్రాసియుంచి, కూర్చినప్పుడెల్ల వానిని మరల అన్వయించు మార్గమును కల్పించిరి. సరియైన త్రోవ ఇదియే.

అమరికను శాశ్వతము చేయుట కొన్నియెడల హానికరమని ఆక్షేపించువారు కలరు. వారి మాటలో సత్యమున్నది: ‘నోమోడ్‌సెట్’ అట్లే నిలిచిపోయినచో, సరియైన డ్రైవరు వచ్చిన పిమ్మటను గ్రాఫిక్స్ మందగించియే యుండును. దానికి ప్రతిక్రియ మఱచుట కాదు, అడుగుట. ఇన్‌స్టలేషను ముగియునపుడు, మీరు చేర్చిన ఈ మాటను ముందునకును ఉంచవలెనా యని ఇన్‌స్టాలరు ప్రశ్నించి, ఉంచుమనినచో ఏ ఫైలున ఉంచినదో తెలిపి, తేదీతో ఒక వ్యాఖ్యను వ్రాసినచో, తీసివేయవలసినవాడు నిస్సంశయముగా తీసివేయగలడు.

కెర్నెలును కంపైల్ చేయునాటి కాన్ఫిగరేషను మాట ఇంతకన్న గంభీరమైనది. అందు ప్రశ్నలు వేలకొలది; ఇది కెర్నెల్ లోపలనే ఉండవలెనా, మాడ్యూలుగా ఉండవలెనా, అసలే వలదా యని చాలవానికి సమాధానము చెప్పవలసియుండును. ఆ సమాధానములన్నియు చుక్కతో మొదలగు పేరు గల ఒక్క ఫైలున చేరును. అట్టి పేరగుటచే సాధారణమైన జాబితాలో అది కానరాదు. డెబియన్, ఫెడోరా మొదలగు పంపిణీలు దాని ప్రతిని కెర్నెల్ సంఖ్యతోసహా బూట్ డైరెక్టరీలో ఉంచును. దానిని కెర్నెల్ గర్భముననే కుదించి నిక్షేపించు ఐచ్ఛికము సైతము కలదు. అందులకగు వ్యయము కొన్ని పదుల కిలోబైట్లు మాత్రమే. ఇంతటి అల్పవ్యయమునకు వెనుదీయుట నాకు బోధపడదు. పాత ఫైలు చేతనున్నచో ‘ఓల్డ్‌కాన్ఫిగ్’ అను ఆదేశము ఆ సమాధానములను స్వీకరించి క్రొత్త ప్రశ్నలను మాత్రమే అడుగును. లేనివారు ‘లోకల్‌మాడ్‌కాన్ఫిగ్’ను ఆశ్రయింతురు, అది అప్పటికి లోడైయున్న మాడ్యూళ్లను చూచి అమరికను అల్లును గనుక, ఆ వేళకు తగిలించియుండని ప్రింటరు డ్రైవరు కూర్పునుండి జారిపోవచ్చును.

లినక్స్ కెర్నెల్ 1992 మొదలుకొని జీపీఎల్ అను లైసెన్సు యొక్క రెండవ కూర్పు క్రింద నున్నది. సోర్స్‌కోడ్ అనగా కంపైలు చేయుటను, ఇన్‌స్టాల్ చేయుటను నియంత్రించు స్క్రిప్టులు సైతమని ఆ లైసెన్సు చెప్పుచున్నది. కాన్ఫిగరేషను ఫైలు ఆ కోవకే చెందునని నా తలంపు. సోర్స్ ఇచ్చి దానిని దాచినవారు వైద్యుడు మందులన్నియు బల్లపై పఱచి మోతాదు చీటిని చించివేసినట్లు చేయుచున్నారు.

ఇది నిపుణులకే పరిమితమైన చర్చ కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2022లో ఎనిమిదవ తరగతి విద్యార్థులకు పంచిన టాబ్‌లు ఆండ్రాయిడ్‌వి. ఆండ్రాయిడ్‌కు ఆధారము లినక్స్ కెర్నెలే. తయారీదారు మద్దతు ముగిసిన పిమ్మట అట్టి పరికరములను ఇంకను కొన్నాళ్లు ఉపయోగమున ఉంచవలెనన్నచో, ఏ అమరికలతో ఆ కెర్నెల్ కూర్పబడినదో తెలియక తప్పదు. కావున రెండు తెలుగు రాష్ట్రములును పాఠశాలలకు కంప్యూటర్లనుగాని టాబ్‌లనుగాని కొనునపుడు, సోర్స్‌తోపాటు కాన్ఫిగరేషను ఫైలును సైతము సమర్పింపవలెనని టెండరు షరతులలోనే వ్రాసికొనవలెను. సరకు అందిన దినమున పెట్టెల సంఖ్యను సరిచూచు అధికారియే ఆ ఫైలు వచ్చినదా లేదా యని కూడ చూడవలెను.