చింతచెట్టు చెప్పిన బుద్ధి

చింతపండు లేక మన యిండ్లలో వంట సాగునా? పులుసునకును, చారునకును, పులిహోరకును నదియే ప్రాణము. అయినను చింతచెట్టన్న మనకు చిన్నచూపే. దానిపై దయ్యము లుండునని బిడ్డలను భయపెట్టుదుము. ఈ మాసమున నట్టి చెట్టు నొకదానిని గూర్చి ముచ్చటింతుము.

హైదరాబాదులోని హైటెక్ సిటీలో నుద్యోగము చేయుచున్న మా చెల్లెలి కుమార్తెను జూడ నీ నడుమ పోయి యుంటిమి. అచ్చట ఎటు చూచినను అద్దాల మేడలే. కాయ గాచు చెట్టు కంటబడుట యరుదు. మే మామాట యనగా, "పెద్దమ్మా, మూసీ యొడ్డున నొక చింతచెట్టున్నది, చూతువు గాని రమ్ము" అని యామె మమ్ము అఫ్జల్‌గంజునకు గొనిపోయెను.

ఉస్మానియా ఆసుపత్రి యావరణమున నా వృక్షము నేటికిని పచ్చగా నున్నది. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరమును ముంచెత్తెను. సుమారు 15,000 మంది ప్రాణములు గోల్పోయిరి. ఆనాడు దాదాపు 150 మంది యీ చెట్టెక్కి, కొమ్మలను గౌగిలించుకొని, వరద తీయువరకు నుండి బ్రతికిరి. ఇండ్లు వేలకొలది కూలినవి, చెట్టు కూలలేదు. చింతవేరు లోతునకు దిగును. కొమ్మ వంగునే గాని సులభముగా విరుగదు. ఏటేట నా తేదీని నగరవాసులు కొంద రా నీడను గూడి మృతులను స్మరింతురు.

ఆ వరద పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై 1920 నాటికి గండిపేట చెరువును, 1927 నాటికి హిమాయత్‌సాగరమును నిర్మించిరి. గండిపేట నేటి యద్దాల మేడలకు చేరువనే యున్నది. ఆ చెరువులు వరద నాపుటకై తలపెట్టినవి. చింతను నాటినవా రెవ్వరో గాని వరదను దలచి నాటి యుండరు. పులుసునకో, నీడకో నాటి యుందురు. ఆపద వచ్చిననాడు అదియే తల్లి యయ్యెను.

చెప్పుటకు సిగ్గగుచున్నది. మా పెరటి చింతను గొట్టించి గది వేయింపుడని మా వారి నాఱు నెలలుగా వేధించుచుంటిమి. సాయంత్రము చదువుకొన వచ్చు పిల్లలకు నీడ యని వారు దాటవేయుచుండిరి. ఊరు చేరిన నాడే "గది వల"దంటిమి. వారు నవ్వి యూరకుండిరి.

హైదరాబాదు పోవు సోదరీమణులు బిడ్డలకు చార్మినారుతో పాటు ఆ చెట్టును గూడ జూపుడు. మీ పెరటి చెట్టుపై గొడ్డలి పడకముందు ఒక్కమారు దానిక్రింద గూర్చుండి యాలోచింపుడు.