రిజిస్ట్రీకి చీపురు పట్టేముందు...

'మీ కంప్యూటర్లో 1,274 లోపాలు ఉన్నాయి. వెంటనే సరిచేయండి!'

ఎర్రటి అక్షరాల్లో ఇలాంటి హెచ్చరిక తెరమీద ప్రత్యక్షమైతే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. నాలుగు రోజుల్నుంచీ సిస్టమ్ నత్తనడక నడుస్తున్నమాట నిజమే కదా... ఓహో, ఇదన్నమాట కారణం అనిపిస్తుంది. హెచ్చరిక కిందే ఆకుపచ్చ రంగులో ఓ బటన్. 'ఫిక్స్ ఆల్'. చెయ్యి దానంతటదే మౌస్ మీదికి వెళ్తుంది.

ఆ చేతిని ఓ పది నిమిషాలు ఆపండి. ఆ 1,274 ఏమిటో, వాటిని తుడిచేస్తే ఏమవుతుందో తెలుసుకున్నాక నొక్కాలో వద్దో మీరే తేల్చుకోవచ్చు.

విండోస్ వారి అడంగల్

ఊళ్ళో ఏ సర్వే నంబరు ఎవరిది, అందులో ఏ పంట ఉంది అని రాసిపెట్టుకునే పుస్తకాన్ని ఆంధ్రలో అడంగల్ అంటారు, తెలంగాణలో పహాణీ. విండోస్‌కి అలాంటి పుస్తకమే రిజిస్ట్రీ. ఏ ప్రోగ్రామ్ ఏ ఫోల్డర్లో ఉంది, ఫొటోమీద రెండుసార్లు నొక్కితే దాన్ని ఏ సాఫ్ట్‌వేర్ తెరవాలి, ప్రింటర్ ఏది, మీరు పెట్టుకున్న వాల్‌పేపర్ ఏది... ఇలాంటి వివరాలన్నీ అందులోనే ఉంటాయి. మొదట్లో ప్రతి ప్రోగ్రామూ తన వివరాలను ఓ చిన్న ఫైల్లో విడివిడిగా రాసుకునేది. 1992లో వచ్చిన విండోస్ 3.1లో రిజిస్ట్రీ చిన్నగా మొదలైంది. విండోస్ 95 నాటికి దాదాపు మొత్తం వ్యవహారం దాని చేతికి వచ్చేసింది.

ప్రోగ్రామ్‌లు వస్తుంటాయి, పోతుంటాయి. పోయేటప్పుడు కొన్ని తమ పద్దులను పూర్తిగా చెరుపుకోవు. ఇల్లు ఖాళీచేసిన అద్దెవాళ్ళ క్యాలెండర్ గోడమీదే ఉండిపోయినట్టు రిజిస్ట్రీలో ఆ పేర్లు మిగిలిపోతాయి. రిజిస్ట్రీ క్లీనర్లు ఏరిపారేస్తామని చెప్పేది వీటినే. ఇంతవరకూ అబద్ధమేం లేదు. 'అవి ఉండబట్టే మీ సిస్టమ్ నెమ్మదించింది' అన్న దగ్గరే అసలు పేచీ!

అడంగల్లో 212వ సర్వే నంబరు చూడాలంటే వీఆర్వో మొదటి పేజీ నుంచీ చదువుకుంటూ రాడు. నేరుగా ఆ పేజీకే వెళ్తాడు. మధ్యలో పనికిరాని పేజీలు పది ఉన్నా, వంద ఉన్నా ఆయనకు పట్టదు. విండోస్ కూడా అంతే. తనకు కావలసిన పద్దు ఏ కొమ్మలో ఉందో చూసుకుని నేరుగా అక్కడికే వెళ్తుంది. పైగా రిజిస్ట్రీలో పద్దులు లక్షల్లో ఉంటాయి. వాటిలోంచి ఓ వెయ్యి తీసేస్తే తగ్గే బరువు ఒక శాతం కూడా ఉండదు. విండోస్ లోగుట్టు విప్పిచెప్పడంలో దిట్టగా పేరుపడ్డ మార్క్ రస్సినోవిచ్ 2005లోనే ఈ సంగతి రాశారు. మిగిలిపోయిన చెత్త పద్దుల వల్ల వేగం తగ్గదన్నది ఆయన మాట. ఆ మరుసటేడాది ఆయన కంపెనీని మైక్రోసాఫ్టే కొనుక్కుంది.

మరి ఈ నమ్మకం ఎక్కణ్నుంచి వచ్చింది? గాల్లోంచి పుట్టలేదు లెండి. విండోస్ 2000 వరకూ రిజిస్ట్రీ ఇంతకు మించి పెరగకూడదని ఓ పరిమితి ఉండేది. పాత విండోస్ 98లో రిజిస్ట్రీ పాడవడం ఎంత మామూలంటే, రోజుకో నకలు తీసి చివరి అయిదింటిని దాచే ఏర్పాటు అందులోనే ఉండేది. మైక్రోసాఫ్ట్ కూడా 1990ల్లో 'రెగ్‌క్లీన్' అనే ఉచిత ప్రోగ్రామ్‌ను ఇచ్చింది. దానివల్ల సమస్యలు రావడంతో తనే వెనక్కి తీసుకుంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో ఆ పరిమాణం గొడవ తీరిపోయింది. గొడవ తీరినా సలహా మాత్రం మిగిలిపోయింది. ఇంటర్నెట్ సెంటర్ల కాలంలో సిస్టమ్ ఫార్మాట్ చేయడానికొచ్చిన కుర్రాడు 'అన్నా, నెలకోసారి రిజిస్ట్రీ క్లీన్ చేస్కో' అని చెప్పి వెళ్ళేవాడు. ఆ మాట ఇప్పటికీ అలాగే తిరుగుతోంది.

లోపాలు కావు, లెక్కలు

ఇంతకీ ఆ 1,274 ఎక్కడివి? జాబితా తెరిచి చూస్తే సగం నవ్వొస్తుంది. మొన్న తెరిచి తర్వాత డిలీట్ చేసిన వర్డ్ ఫైలు పేరు 'ఇటీవలి ఫైళ్ళ' పట్టీలో ఉండిపోయిందా... అదో లోపం! ఎప్పుడో తీసేసిన ఆటకి సంబంధించిన శబ్దం ఫైలు పేరు... అదింకోటి! ఏ ప్రోగ్రామూ వాడని ఫైలు రకం ఇంకోటి. వీటివల్ల మీకొచ్చే నష్టం సున్నా. తీసేస్తే వచ్చే లాభమూ అంతే. కానీ స్కాన్ చేశాక 'అంతా బాగానే ఉంది' అని చెప్తే ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎవరు కొంటారు? అంకె పెద్దదిగా కనబడాలి, ఎర్రగా ఉండాలి. అది వ్యాపారం.

నవ్వు రాని సగం వేరే ఉంది. ఫలానా పద్దు పనికిరానిదని క్లీనర్ ఎలా తేలుస్తుంది? చాలావరకూ, అందులో రాసిన ఫైలు ఆ చోట ఉందో లేదో చూస్తుంది. కనబడకపోతే చెత్త కింద జమ. ఓ డీటీపీ సెంటర్ ఉందనుకోండి. పెళ్ళిపత్రికల బొమ్మలు, కొన్ని ప్రోగ్రామ్‌లు విడి హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయి. స్కాన్ చేసిన సమయానికి ఆ డిస్క్ బీరువాలో ఉంది. ఆ దారులన్నీ కొన్ని క్లీనర్లకు 'లేనివి'గానే కనబడతాయి. ఆడిటర్ ఆఫీసులో లెక్కల ఫోల్డర్ పక్క గదిలోని సిస్టమ్‌లో ఉండి, ఆ సిస్టమ్ అప్పటికి ఆపేసి ఉన్నా అదే తంతు.

ఇంకో చిక్కు లైసెన్సులు. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు తాము కొన్నవేనని చెప్పే గుర్తును రిజిస్ట్రీలో అర్థంపర్థం లేని పేర్లతో దాచుకుంటాయి. ఎవరూ చెరపకూడదనే అలా దాస్తాయి. క్లీనర్ కంటికి అది చెత్తలా కనబడొచ్చు. కొత్త సాఫ్ట్‌వేర్ అయితే మళ్ళీ ఎక్కించుకోవచ్చు. పదిహేనేళ్ళ కిందట కొన్న తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్ అయితే? సీడీ ఎక్కడుందో తెలీదు, అమ్మినవాళ్ళు ఫోనెత్తరు, వందల కొద్దీ పాత ఫైళ్ళు ఆ ఫాంట్లలోనే ఉన్నాయి. ఓ చిన్న సెంటర్‌కి అది ఒక్కరోజు ఆదాయంతో పోయే నష్టం కాదు.

ఇవన్నీ చూసే మైక్రోసాఫ్ట్ ఈ విషయంలో మొహమాటం లేకుండా మాట్లాడింది. రిజిస్ట్రీ క్లీనర్ల వాడకాన్ని తాము సమర్థించమనీ, వాటివల్ల వచ్చిన సమస్య పరిష్కారమవుతుందని హామీ ఇవ్వలేమనీ తన విధానపత్రంలో రాసిపెట్టింది. ఒక్కోసారి విండోస్ మొత్తాన్నీ మళ్ళీ ఎక్కించుకోవాల్సి రావచ్చని కూడా హెచ్చరించింది.

భయం అమ్ముకున్నవాళ్ళు

ఇది అమాయకపు వ్యాపారమే అయితే ఇంత చెప్పాల్సిన పనిలేదు. 2008లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర ప్రభుత్వం 'రిజిస్ట్రీ క్లీనర్ ఎక్స్‌పీ' అనే సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ళమీద దావా వేసింది. రిజిస్ట్రీ పాడైపోయిందంటూ జనం తెరల మీదికి దొంగ హెచ్చరికలు పంపి, 39.95 డాలర్లకు మందు అమ్మారన్నది అభియోగం. అదే ఏడాది డిసెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ విన్‌ఫిక్సర్, డ్రైవ్‌క్లీనర్ లాంటి బూటకపు సాఫ్ట్‌వేర్‌ల ముఠా మీద కోర్టుకెళ్ళింది. మోసపోయినవాళ్ళ సంఖ్య పది లక్షలు పైమాటేనని చెప్పింది.

పాతకథలే కదా అనుకోకండి. 2024 మార్చిలో రెస్టోరో, రీఇమేజ్ అనే రెండు సైప్రస్ కంపెనీలు అదే కమిషన్‌తో కేసు పరిష్కరించుకోవడానికి 2.6 కోట్ల డాలర్లు కట్టేందుకు ఒప్పుకున్నాయి. లేని సమస్యలు చూపించి రిపేరు సాఫ్ట్‌వేర్ అంటగట్టారనీ, తర్వాత ఫోన్లో ఇంకా ఖరీదైన సేవలు అమ్మారనీ వాటిమీద ఆరోపణ. కమిషన్ అధికారులు మామూలు ఖాతాదారుల్లా వెళ్ళి కొని మరీ ఆధారాలు పట్టుకున్నారు.

మంచి పేరున్నవాటికీ గండాలు తప్పలేదు. సీక్లీనర్ సంగతే తీసుకోండి. మనవాళ్ళలో అది తెలియనివాళ్ళు తక్కువ. 2017 ఆగస్టులో విడుదలైన దాని 5.33 వెర్షన్లోకి హ్యాకర్లు దొంగచాటుగా వైరస్ చొప్పించారు. అదీ కంపెనీ సొంత సైట్ నుంచి దిగిన అసలు సాఫ్ట్‌వేర్‌లోనే! సెప్టెంబరులో బయటపడేసరికి అది సుమారు 22.7 లక్షల కంప్యూటర్లలో ఉంది. హ్యాకర్ల అసలు గురి పెద్ద టెక్నాలజీ కంపెనీలమీద కాబట్టి మామూలు వాడకందార్లు బతికిపోయారు. ఆ తర్వాతి వెర్షన్లలో కంపెనీ దాన్ని తొలగించింది. అయినా సిస్టమ్ మొత్తం మీద పెత్తనం అడిగే ప్రోగ్రామ్‌ను లోపలికి రానిచ్చేటప్పుడు ఈ సంగతి గుర్తుండాలి.

వాడక తప్పదంటారా?

ఒక్కోసారి నిజంగానే పని పడుతుంది. ఓ ప్రోగ్రామ్ తీసేస్తే సగం పోయి సగం ఉండిపోతుంది. మళ్ళీ ఎక్కిద్దామంటే 'ఇది ఇప్పటికే ఉంది' అని మొరాయిస్తుంది. ముందు ఆ కంపెనీ సైట్ చూడండి. యాంటీవైరస్ కంపెనీలు చాలావరకూ తమ సరుకును మొదలంటా పీకేసే ఉచిత పనిముట్లను తామే ఇస్తాయి. దాంతో తీరితే క్లీనర్ ఊసే అక్కర్లేదు.

తీరకపోతే ఎంచుకోవడంలో జాగ్రత్తపడాలి. ప్రకటన నొక్కితే వచ్చినదీ, తెరమీద దానంతటదే ఊడిపడినదీ అస్సలు వద్దు. స్కాన్ ఉచితమని చెప్పి, సరిచేయడానికి కార్డు నంబరు అడిగేవాటినీ వదిలేయండి. ప్రతి పద్దునూ విడివిడిగా చూపించి, ఏది తీయాలో మిమ్మల్ని ఎంచుకోనిచ్చేదీ, తీసేముందు నకలు దాచేదీ అయితేనే ముందుకెళ్ళండి. 'క్రాక్' చేసిన ఫుల్ వెర్షన్ స్నేహితుడు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడంటే మాత్రం దండం పెట్టి తిరిగిచ్చేయండి. క్రాక్‌తోపాటు వైరస్ ఉచితం!

ఇక అసలు పని. ముందు మీ ఫైళ్ళను విడి హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించుకోండి. తర్వాత స్టార్ట్ మెనూలో 'రీస్టోర్ పాయింట్' అని కొడితే సిస్టమ్ ప్రొటెక్షన్ తెరుచుకుంటుంది. చాలా కంప్యూటర్లలో ఇది ఆపేసి ఉంటుంది. సీ డ్రైవ్‌కి దాన్ని ఆన్ చేసి, 'క్రియేట్' నొక్కి తేదీతో ఓ పేరు పెట్టండి. విండోస్ తనంతట తానే రిజిస్ట్రీ నకలు దాస్తుందిలే అని ధీమాగా ఉండకండి. విండోస్ 10లో 2018లో వచ్చిన 1803 వెర్షన్ నుంచి ఆ అలవాటు మానేసింది. ఆ ఫోల్డర్ ఉంటుంది, లోపల ఫైళ్ళు సున్నా సైజులో ఉంటాయి.

మరొకటి చాలామంది మరిచిపోతారు. ఈమధ్య కొన్న ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌కి బిట్‌లాకర్ తాళం వేసి ఉండే అవకాశం ఎక్కువ. విండోస్ మొరాయించి మరమ్మతు తెర వచ్చినప్పుడు అది 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. సాధారణంగా అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. కంప్యూటర్ బాగున్నప్పుడే చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి. లేకపోతే మీ ఇంటికి మీరే తాళం లేనివాళ్ళవుతారు.

విడి డిస్కులు, పెన్‌డ్రైవ్‌లు అన్నీ తగిలించి, నెట్‌వర్క్ సిస్టమ్‌లు ఆన్ చేశాకే స్కాన్ పెట్టండి. వచ్చిన జాబితాలో మీరు తీసేసిన ఆ ప్రోగ్రామ్ పేరున్న పద్దులకే టిక్ పెట్టండి. మిగతావాటి జోలికి వద్దు. 'ఫిక్స్ ఆల్' బటన్ ఎంత ఆకుపచ్చగా ఉన్నా సరే! నకలు దాచమంటావా అని అడిగితే అవునని చెప్పండి. తర్వాత సిస్టమ్‌ను రీస్టార్ట్ చేసి ప్రింటర్, తెలుగు కీబోర్డ్, లెక్కల సాఫ్ట్‌వేర్ లాంటివన్నీ ఓసారి తెరిచి చూడండి. తేడా కొడితే దాచిన నకలును రెండుసార్లు నొక్కితే ఆ పద్దులు తిరిగి చేరతాయి. అసలు విండోస్ తెరుచుకోకపోతే మరమ్మతు తెరలోని 'సిస్టమ్ రీస్టోర్' శరణ్యం. దానివల్ల మీ ఫొటోలు, డాక్యుమెంట్లు పోవు. రీస్టోర్ పాయింట్ పెట్టాక ఎక్కించిన ప్రోగ్రామ్‌లు మాత్రం పోతాయి.

సరే, మరి నత్తనడక సంగతేంటి? కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో 'స్టార్టప్' విభాగం చూడండి. కంప్యూటర్ తెరవగానే పిలవని పేరంటానికి వచ్చే ప్రోగ్రామ్‌లన్నీ అక్కడ ఉంటాయి. అక్కర్లేనివాటిని డిజేబుల్ చేయండి. సీ డ్రైవ్ అంచుల దాకా నిండితే కొంత ఖాళీ చేయండి. నాలుగు జీబీ ర్యామ్‌తో బ్రౌజర్లో ఇరవై ట్యాబ్‌లు తెరిచి పెట్టుకుంటే ఏ క్లీనరూ ఏమీ చేయలేదు. ఇప్పటికీ తిరిగే హార్డ్‌డిస్క్‌తోనే నడుస్తుంటే ఎస్ఎస్‌డీ వేయించండి. వీటన్నింటిలోకీ తేడా కంటికి కనబడేది అందులోనే.

ఇప్పటికే ఏదో క్లీనర్‌కి డబ్బు కట్టేసి ఉంటే దాన్ని తీసేయడం ఒక్కటే చాలదు. ఇలాంటి చందాలు చాలావరకూ ఏడాది తిరగ్గానే మళ్ళీ కార్డులోంచి కోసుకుంటాయి. ఆ కంపెనీ ఖాతాలోకి వెళ్ళి ఆటో రెన్యువల్‌ను రద్దుచేయండి, కుదరకపోతే బ్యాంకుకు చెప్పండి. 'మేం రిపేరు చేస్తాం' అని ఫోన్ చేసినవాళ్ళకు మీ కంప్యూటర్‌ను దూరం నుంచే నడిపే వీలిచ్చి ఉంటే వెంటనే ఇంటర్నెట్ ఆపి, వేరే ఫోన్లోంచి బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చుకోండి. డబ్బు పోయిందని తెలిస్తే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఆలస్యం చేయకుండా ఫోన్ చేయండి.