సోయా అని రాసుంటే చాలా?

బడి నుంచి వచ్చి మా వాడు సోయా చిప్స్ ప్యాకెట్ చూపిస్తూ "ఇందులో ప్రోటీన్ ఉందమ్మా" అంటే నేనేమీ అనలేకపోయాను. సోయా మంచిదే మరి. ఎండు గింజల్లో వంద గ్రాములకు దాదాపు 36 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. కందిపప్పులో 22 దాకా ఉంటుంది.

ఆ రాత్రి వాడు పప్పన్నం సగం వదిలేశాడు. అప్పుడు ప్యాకెట్ వెనక్కి తిప్పి చదివాను. ఏది ఎక్కువ బరువుంటే దాని పేరు ముందు రాయాలని నియమం. ఇందులో మొదట బియ్యప్పిండి, తర్వాత నూనె, ఆ తర్వాతే సోయా!

ఇక ఉప్పు సంగతి. వెనక పట్టికలో సోడియం లెక్కే ఉంటుంది. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. 800 మిల్లీగ్రాముల సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు. పెద్దవాళ్లే రోజుకు 5 గ్రాముల లోపు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన కూరలో, తొక్కులో ఉప్పు ఎలాగూ ఉంటుంది కదా.

చిప్స్ అసలే కొనొద్దని నేననను. ఎప్పుడో జాతరకు పోయినప్పుడు తింటే ఏం కాదు. రోజూ సాయంత్రం ఆకలికి మాత్రం అది తిండి కాదు. మన దంతాలపల్లి వైపు బొబ్బర్ల గుడాలు, వేయించిన పల్లీలు ఏ ఇంట్లో తెలియవు? పల్లీల్లోనే వందకు పాతిక గ్రాముల ప్రోటీన్ ఉంది. పైగా అందులో ఉప్పు ఎంత వేయాలో మన చేతిలోనే ఉంటుంది.

ఈసారి ప్యాకెట్ కొనేముందు వెనక్కి తిప్పి చూడండి. పిల్లలతోనే చదివించండి.