మందు ముందా, విషం ముందా?

క్షయ మాత్రలు వాడుతున్న ఒక యువకుడు పచ్చబడిన కళ్లతో నా వద్దకు వచ్చాడు. "మాత్రలు ఆపనయ్యా, వాటితోపాటు నేల ఉసిరిక రసం ఇప్పించండి చాలు" అన్నాడు. ఆ మొక్క కాలేయాన్ని కాపాడుతుందని ప్రయోగశాలలో రుజువైనట్లు ఎక్కడో చదివాడట. నేను రసం ఇవ్వలేదు. మాత్రలు రాసిన డాక్టరు వద్దకు ఆ పూటే పంపాను. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ కాలేయానికి హాని చేయగలవి. కామెర్లు కనిపించాక వాటిని ఆపాలో మార్చాలో రక్తపరీక్ష చూసి ఆయనే నిర్ణయించాలి. ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు.

గురుకులంలో నేల ఉసిరికను నూరి మజ్జిగతో ఇవ్వడం నేర్చినవాడు ఇలా చేయడమేమని కొందరు మిత్రులు నొచ్చుకున్నారు. ఆ ప్రయోగం ఎలా జరుగుతుందో వారు విచారించినట్లు లేదు.

ఎలుకలను జట్లుగా విభజిస్తారు. ఒక జట్టుకు పారాసిటమాల్‌ను విపరీతమైన మోతాదులో ఇస్తారు. మరొక జట్టుకు సాధారణంగా కొన్ని రోజులు మొక్క సారం తాగించి, ఆ పిదప పారాసిటమాల్ ఇస్తారు. పోలిక కొరకు ఇంకొక జట్టుకు సిలిమారిన్. తరువాత రక్తంలో ఎస్.జి.పి.టి., బిలిరుబిన్ కొలిచి, కాలేయపు ముక్కను సూక్ష్మదర్శినిలో పరిశీలిస్తారు. సారం తాగిన ఎలుకలలో హాని తక్కువగా ఉంటే దానిని రక్షణ అంటారు.

అక్కడ మందు ముందు, విషం తరువాత. మన గుమ్మం తొక్కే రోగికి విషం ముందే పడి ఉంటుంది!

ఇంతకంటె సూక్ష్మమైన చిక్కు మరొకటి ఉన్నది. పారాసిటమాల్ తానుగా కాలేయాన్ని చెరచదు. కాలేయంలోని ఎంజైములు అందులో కొంత భాగాన్ని విషంగా మారుస్తాయి. గ్లూటాథయోన్ అనే పదార్థం ఆ విషాన్ని అణచివేస్తుంది. మోతాదు మితిమీరితే ఆ నిల్వ అడుగంటి, కణాలు నశిస్తాయి. ముందుగా ఇచ్చిన సారం ఆ ఎంజైములను మందగింపజేసినా చాలు, ఎలుక బతుకుతుంది. అది కాలేయానికి బలమిచ్చినట్లు కాదు, విషం పుట్టకుండా అడ్డుపడినట్లు. అటువంటి ఎంజైములే రోగి మింగే ఇతర మందులను కూడా మారుస్తుంటాయి. వాటి ప్రభావం పెరగనూవచ్చు, తరగనూవచ్చు.

పైగా పరీక్షించేది తరచుగా ఆల్కహాలులో తీసిన సారం. మనం ఇచ్చేది స్వరసమో, కషాయమో. కల్పన మారితే గుణం మారుతుందని మనకు ఒకరు చెప్పవలెనా?

పరీక్షించడమే మన శాస్త్రానికి అవమానమనే వైద్యులతో నేను ఏకీభవించను. పరీక్ష జరగవలసినదే. విషం పడిన తరువాత మందిచ్చి చూడాలి, మనం వాడే కల్పననే ఇచ్చి చూడాలి. ఆ మందు వల్లనే హాని కలగదని తేలాక, పర్యవేక్షణలో రోగులకు ఇచ్చి చూడాలి. తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయ హాని కనిపించిందని 2021లో ముంబై వైద్యులు ప్రచురించినప్పుడు మనలో పలువురు మండిపడ్డారు. వాడినది నిజముగా తిప్పతీగేనా, మరొక తీగా అన్న ప్రశ్న న్యాయమైనదే. కాని దానికి జవాబు కోపంతో రాదు, మొక్కను పరీక్షిస్తే వస్తుంది.

ఆ యువకునికి డాక్టరు మాత్రలు ఆపించి, కాలేయం కుదుటపడ్డాక ఒక్కొక్కటిగా తిరిగి మొదలుపెట్టారు. తరువాత ఒకనాడు వచ్చి పథ్యం అడిగాడు. మజ్జిగ అన్నం తినమన్నాను, నేల ఉసిరిక లేకుండా.