కార్డిఫ్‌లో కృతజ్ఞతా కూడిక

వీసా వచ్చిందంటే కృతజ్ఞతా కూడిక. ఇల్లు కొన్నా, కారు కొన్నా, అమ్మాయికి ఉద్యోగం ఖాయమైనా అంతే. పాస్టర్ గారు వస్తారు, వాక్యం చెబుతారు, సాక్ష్యం అవుతుంది, బిర్యానీ వడ్డిస్తారు. ఇందులో తప్పుపట్టడానికేమీ లేదు. జరిగిన మేలుకు దేవుడికి వందనాలు చెప్పుకోవడం మంచి అలవాటే. అయితే 'దేవుడు ఆశీర్వదించాడు' అని ఎవరైనా చెప్పగానే ఏం కొన్నారని అడిగేదాకా వచ్చాం. కొత్త సంవత్సరం రాత్రి చేతికొచ్చిన వాగ్దానపు కార్డులో ఈ ఏడు ఏం కలిసొస్తుందోనని వెతుక్కునేదీ మనమే.

దీవెనను ఆస్తితో కొలిచే ఈ లెక్క ఎన్నాళ్లు నిలుస్తుందో కార్డిఫ్‌ను అడగాలి. వేల్స్ లోయల్లో తవ్విన బొగ్గు ఈ రేవుకు దిగేది. 1913లో కోటి టన్నులకు పైగా ఇక్కడ ఓడలెక్కింది. మౌంట్ స్టువర్ట్ స్క్వేర్‌లోని కోల్ ఎక్స్చేంజ్‌లో బొగ్గు ధరలు తేలేవి. పది లక్షల పౌండ్ల తొలి బేరం అక్కడే కుదిరిందని ఊరివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రేవుల మీద వచ్చిన ఆదాయంతో మూడో బ్యూట్ మార్క్విస్ ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేరుపడ్డాడు. తర్వాత ఓడలు చమురుకు మారాయి. బ్యూట్‌ల కోట 1947లో ఊరి పరమైంది. కోల్ ఎక్స్చేంజ్ ఇప్పుడు హోటల్.

బొగ్గు మంచి ఊపులో ఉన్న 1904లోనే, గనిలో పనిచేసి వచ్చిన ఇవాన్ రాబర్ట్స్ కూడికలతో వేల్స్ అంతా కదిలింది. ఆ ఉజ్జీవం గురించి మన సభల్లో నేటికీ చెబుతారు. కన్నీళ్ల గురించి, రాత్రంతా సాగిన పాటల గురించి చెబుతారు గానీ ఒక చిన్న సంగతి జారిపోతుంటుంది. ఆ రోజుల్లో జనం పాత బాకీలు వెతికి మరీ తీర్చారట, మాటలు మానుకున్నవాళ్లు మళ్లీ పలకరించుకున్నారట. దుకాణదారుకు తెలిసిన ఉజ్జీవం అది.

రేవు అంచున తెల్లటి చర్చి ఒకటి ఉంది. బొగ్గు ఎక్కించుకోవడానికి వచ్చే నార్వే నావికుల కోసం 1868లో కట్టారు. కార్డిఫ్‌లో పుట్టిన రచయిత రోల్డ్ డాల్‌కు బాప్తిస్మం ఇచ్చింది అక్కడే. ఇంటికి దూరమై నెలలు గడిచిన నావికుడికి అక్కడ ఆరాధనతో పాటు సొంత భాషలో పత్రిక, కూర్చోవడానికి వెచ్చని చోటు, పేరు అడిగే మనిషి దొరికేవి. 1974లో ఆరాధనలు ఆగిపోయాయి. పాడుబడుతున్న కట్టడాన్ని విప్పి, ఇప్పుడున్న చోట మళ్లీ నిలబెట్టి 1992లో తెరిచారు.

ఆ నావికుల స్థానంలో ఇప్పుడు చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలున్నారు. కార్డిఫ్‌లోని కతేస్, రోత్ వీధుల పాత ఇళ్లలో గదులు పంచుకుని ఉంటారు. వెనక ఊళ్లో బ్యాంకు అప్పు, కొందరికి పొలం తాకట్టు. చదువు సాగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. ఆరోగ్య సర్‌చార్జీ 2024 ఫిబ్రవరి నుంచి ఏడాదికి 776 పౌండ్లు, అదీ ముందే కట్టాలి. మామూలు మాస్టర్స్ చదువుకు వచ్చేవారు భార్యనో భర్తనో పిల్లల్నో వెంట తెచ్చుకోవడానికి 2024 జనవరి నుంచి వీల్లేదు. ఒంటరితనం కూడా వీసా షరతుల్లో చేరిపోయిందన్నమాట.

రాత్రి షిఫ్టు ముగించుకుని ఆదివారం తెలుగు కూటానికి వచ్చే కుర్రాడికి వాక్యం కావాలి, సరే. ఇంటి ఓనరు డిపాజిట్ తిరిగివ్వనంటే ఏం చేయాలో చెప్పే అన్నయ్య కూడా కావాలి. జ్వరమొస్తే 'తిన్నావా నాన్నా' అని ఫోన్ చేసే ఆంటీ కావాలి. ఉద్యోగం రాలేదన్న మాట అమ్మానాన్నలకు చెప్పేముందు ఒకసారి పైకి అనడానికి ఎవరో ఒకరు కావాలి. సాధించినవాడినే దేవుడు దీవించాడని వినీ వినీ, సాధించలేనివాడు మెల్లగా కూటానికి రావడమే మానేస్తాడు. 'వీసా పొడిగింపు దొరకలేదు, అప్పు మిగిలింది, వచ్చే నెల ఇంటికెళ్తున్నాను' అని లేచి చెప్పేవాడికి సాక్ష్యాల వేళలో చోటు ఉందా? ఆ రోజు పాస్టర్ గారు ఏ వాక్యం ఎత్తుకుంటారో వినాలని మాకు నిజంగానే ఉంది.

లూకా సువార్తలో పంట విరగపండిన ధనవంతుడి కథ ఉంది. కొట్లు పడగొట్టి పెద్దవి కట్టాలనుకుంటాడు, ఆ రాత్రే అతని ప్రాణం అడుగుతారు. దురాశ మీద ప్రసంగంగానే దాన్ని వింటుంటాం. గమనిస్తే ఆ మనిషి కథంతా తనతో తానే మాట్లాడుకుంటాడు. ఆలోచన చెప్పే భార్య లేదు, పక్క చేను రైతు లేడు. అంత పంట కోసిన కూలీలు కూడా ఎక్కడా కనబడరు.

ఆ కథలో కనబడని తోడునే ఒకాయన నోరు తెరిచి అడిగారు. 1910 జూన్‌లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. తమిళనాట పుట్టి డోర్నకల్‌లో తెలుగువారి మధ్య సేవచేస్తున్న వి.ఎస్. అజరయ్య ఆ వేదిక ఎక్కారు. బడులు, ఆసుపత్రులు, డబ్బు పంపుతున్న సంఘాలవారు ఎదుట కూర్చున్నారు. వారి త్యాగాలకు కృతజ్ఞత చెప్పి, ఆయన మరొకటి అడిగారు. అది స్నేహం. సభలో కొందరికి ఆ మాట మింగుడుపడలేదు. రెండేళ్లకు ఆయన భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్ అయ్యారు. డోర్నకల్ సంఘాల్లో ఎక్కువమంది మాల మాదిగ కూలీలు. వాళ్లు పేదలు కదా అని ఇవ్వడం నుంచి వారిని ఆయన మినహాయించలేదు. పొయ్యి మీదికి ఎసరు ఎక్కించేముందు పిడికెడు బియ్యం దేవుడి కోసం తీసిపెట్టే అలవాటు అక్కడి ఆడవాళ్లలో పాతుకుపోయింది. ఎప్పుడూ పుచ్చుకునేవాడికీ ఇచ్చేవాడికీ మధ్య స్నేహం కుదరదని ఆయనకు తెలిసే ఉంటుంది.

వేల్స్‌లో చాలా చాపెళ్లు మూతపడ్డాయి. తెరిచి ఉన్నవాటిలో తలలు నెరిసినవారే ఎక్కువ. వారి పక్క బెంచీల్లో ఇప్పుడు మన నర్సులు, మన విద్యార్థులు కూర్చుంటున్నారు. స్నేహం కావాలని ఎడిన్‌బరోలో మనవైపు నుంచి వెళ్లిన ఆ మనవి ఇవాళ అటునుంచి ఇటు వస్తున్నట్టుంది. ఆ పక్క బెంచీలో కూర్చునే, ఒంటరిగా ఉండే పెద్దావిడ ఇంట్లో బల్బు మార్చిపెట్టి, ఆవిడిచ్చిన టీ తాగి, ఇంకాసేపు కూర్చుని వస్తే, ఆ సమయాన్ని వారానికి 20 గంటల లెక్కలో హోం ఆఫీసు కూడా కలపదు.