పులుల లెక్క సరే, దారి సంగతేమిటి?

2024 చివర్లో మహారాష్ట్రలోని తాడోబా అడవి నుంచి రెండు ఆడపులులను ఒడిశాలోని సిమిలిపాల్ కొండలకు తీసుకొచ్చారు. ఒకటి జమున, రెండోది జీనత్. కొత్త చోటు జీనత్‌కు నచ్చలేదు. అడవి దాటి జార్ఖండ్‌కు, అక్కడి నుంచి పశ్చిమ బెంగాల్‌కు నడిచింది. మూడు వారాల తరువాత, డిసెంబరు 29న బాంకుడా జిల్లాలో మత్తు సూది వేసి పట్టుకున్నారు. మళ్లీ సిమిలిపాల్‌కే చేర్చారు.

ఈ కథ మన పాఠకులకు దూరపుది కాదు. పులులను పంపిన అడవి చంద్రపూర్ జిల్లాలో ఉంది. ఆ జిల్లాలో, బల్లార్‌పూర్, రాజురా ప్రాంతాల్లో మనవాళ్లు తరాలుగా ఉంటున్నారు. పులులను అందుకున్నది ఒడిశా. బరంపురం, రాయగడ, జయపురం తెలుగు కుటుంబాలకు అది సొంత రాష్ట్రం. అందుకే ఈ పులుల మార్పిడి ఎందుకు జరిగింది, దాని భారం ఎవరి మీద పడుతోంది అన్నది మనం తెలుసుకోవాలి.

సిమిలిపాల్ మయూర్‌భంజ్ జిల్లాలో 2,750 చదరపు కిలోమీటర్ల కొండల అడవి. 1973లో ప్రాజెక్ట్ టైగర్ మొదలైనప్పుడు ఎంచుకున్న తొమ్మిది రిజర్వుల్లో ఇదొకటి. దాని తొలి ఫీల్డ్ డైరెక్టర్ సరోజ్ రాజ్ చౌధురి. ఖైరి అనే పులికూనను ఇంట్లో పెంచిన అధికారిగా ఆయన పేరు దేశమంతా తెలుసు. నేల మీద పడిన పాదముద్రలను గాజు పలక మీద గీసుకుని పులులను లెక్కించే పద్ధతినీ ఆయనే రూపొందించారు. దశాబ్దాల పాటు దేశమంతా అదే లెక్క నడిచింది.

ఆ పద్ధతిలో ఒక్కో పులిని కచ్చితంగా గుర్తించలేమని కర్ణాటకకు చెందిన శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ వాదించారు. నాగరహొళె అడవిలో కెమెరాలు పెట్టి, చారలను బట్టి పులులను గుర్తించి చూపించారు. మన వేలిముద్రల్లాగే ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు. అయినా పాత లెక్కే సాగింది. చివరికి 2005లో రాజస్థాన్‌లోని సరిస్కాలో ఒక్క పులీ మిగల్లేదని తేలింది. కాగితం మీద పులులున్నాయి, అడవిలో లేవు. ఆ దెబ్బతో 2006 నుంచి జాతీయ లెక్కింపు కెమెరాల మీదికి మారింది.

కొత్త పద్ధతి చేదు నిజాలనూ బయటపెట్టింది. దేశంలో పులులు 2018లో 2,967 ఉంటే 2022 నాటికి సగటు అంచనా 3,682కు పెరిగింది. అదే కాలంలో ఒడిశాలో 28 నుంచి 20కి తగ్గాయి. తరువాత ఒడిశా ప్రభుత్వం సొంతంగా లెక్కించి రాష్ట్రంలో 30 పెద్ద పులులున్నాయని, అందులో 27 సిమిలిపాల్‌లోనే ఉన్నాయని ప్రకటించింది. వాటిలో దాదాపు సగం నల్లపులులు.

ఈ నల్లపులులను పర్యాటకులు అద్భుతంగా చూస్తారు. పరిశోధకులు మాత్రం హెచ్చరికగా చూస్తున్నారు. బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రానికి చెందిన ఉమా రామకృష్ణన్ బృందం 2021లో కారణం తేల్చింది. టాక్‌పెప్ అనే జన్యువులో ఒక చిన్న మార్పు వల్ల చారలు వెడల్పై ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ మార్పు వస్తేనే పిల్ల నల్లగా పుడుతుంది. అది ఇంత ఎక్కువగా కనబడుతోందంటే ఆ పులులు బయటి పులులతో కలవక, తమలో తామే జతకడుతున్నాయన్నమాట. మన ఇళ్లలో మేనరికాల గురించి డాక్టర్లు చెప్పే మాట ఇక్కడా వర్తిస్తుంది. కొత్త రక్తం కోసమే జమున, జీనత్ వచ్చాయి.

నిర్ణయం శాస్త్రం ప్రకారం సరైనదే. కానీ ఇలాంటి ప్రయత్నం ఒడిశాలోనే ఒకసారి చెడిపోయింది. 2018లో మధ్యప్రదేశ్ నుంచి మహావీర్, సుందరి అనే పులులను సత్కోసియాకు తెచ్చారు. సుందరి ఇద్దరిని చంపిందని ఊళ్లు తిరగబడ్డాయి. అదే ఏడాది నవంబరులో మహావీర్ చచ్చి కనిపించింది. సుందరిని 2021లో వెనక్కి పంపేశారు. పులి ఎక్కడ తిరగగలదో ముందే అధ్యయనం చేశారు. ఊరివాళ్లు ఏమంటారో మాత్రం ముందుగా అడగలేదు.

తాడోబా వైపు బాధ మరోలా ఉంది. అక్కడ చాలా పులులు రిజర్వు హద్దు దాటి పొలాల పక్కనే తిరుగుతాయి. 2025 మేలో సిందేవాహి తాలూకాలో తునికాకు కోతకు వెళ్లిన ముగ్గురు ఆడవాళ్లు ఒకే రోజు పులి దాడిలో చనిపోయారు. రెండు పులులను పంపినంత మాత్రాన ఆ ఊళ్లకు భయం తగ్గదు. అడవిని కాపాడేవారికీ క్షేమం లేదు. 2023లో సిమిలిపాల్‌లో వేటగాళ్ల తుపాకులకు ఇద్దరు అటవీ సిబ్బంది బలయ్యారు.

లారీలో పులిని తేవడం తాత్కాలిక ఉపాయమే అని మేము అనుకుంటున్నాం. జీనత్ మూడు రాష్ట్రాలు నడిచి చూపించింది ఒక్కటే: పులికి రాష్ట్ర సరిహద్దు తెలియదు, దానికి కావలసింది ఒక అడవి నుంచి మరో అడవికి దారి. గనులు, రోడ్లు, రైలు పట్టాలు ఆ దారిని ముక్కలు చేస్తుంటే ఎన్ని పులులను తెచ్చినా రెండు తరాల తరువాత మళ్లీ అదే మేనరికం.

2025 ఏప్రిల్‌లో సిమిలిపాల్‌లోని 845 చదరపు కిలోమీటర్లకు పైగా భాగం జాతీయ ఉద్యానమైంది. హోదా పెరిగినంత మాత్రాన సరిపోదు. అక్కడి ఖడియా, మాంకిడియా, సంతాల్ కుటుంబాల హక్కులు నిలవాలి. పశువును పోగొట్టుకున్న రైతుకు పరిహారం ఆలస్యం కాకుండా అందాలి. కెమెరాలో పులి కనబడిన రోజే పక్క ఊరికి, ఆ ఊరి భాషలో కబురు వెళ్లాలి. చంద్రపూర్‌లో అది మరాఠీతో పాటు తెలుగూ కావచ్చు, గోండీ కావచ్చు. పులి జాడ ఆఫీసు కంప్యూటర్‌కు తెలిసి, తునికాకు కోసే మనిషికి తెలియకపోతే ఆ అధ్యయనం సగమే పూర్తయినట్టు.

2026 లెక్కింపు అంకెలు వచ్చినప్పుడు ఎన్ని పులులు పెరిగాయో అందరూ అడుగుతారు. వాటి మధ్య దారులు ఎన్ని మిగిలాయో, ఆ దారి పక్కన బతికేవాళ్లకు ఏం అందిందో మనం అడుగుదాం.